ఎప్పుడు కూడాలి, ఎప్పుడు గుణించాలి

2025 డిసెంబర్ 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో మూడో వన్డేకి ముందు కేఎల్ రాహుల్ టాస్ గెలిచాడు. మామూలుగా స్కోరుకార్డులో ఒక మూలన పడుండే ఆ విషయం ఆ రోజు పెద్ద వార్తయింది. ఎందుకంటే అంతకుముందు వరసగా 20 వన్డేల్లో భారత్ టాస్ ఓడిపోయింది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌తో మొదలైన ఆ వరస అప్పటిదాకా తెగనే లేదు. రోహిత్ శర్మ, రాహుల్, శుభ్‌మన్ గిల్ ముగ్గురూ కెప్టెన్లుగా నాణెం దగ్గర నిలబడి చూశారు. ఇలా జరిగే అవకాశం పది లక్షల్లో ఒకటి.

లెక్క వేయడం సులువే. ఒక టాస్ ఓడే అవకాశం 1/2. వరసగా రెండు ఓడే అవకాశం 1/2 × 1/2 = 1/4. ఇలా ఇరవై సార్లు గుణిస్తే 1/10,48,576 వస్తుంది. గుణకారంలో తప్పేమీ లేదు. అయినా ఆ ఒక్క అంకెను పట్టుకుని రెండు రకాలుగా పొరబడవచ్చు.

మొదటిది, ఇరవై ఓడాం కాబట్టి ఇరవై ఒకటోది గెలవక తప్పదనుకోవడం. అంతకుముందు వన్డే జరిగిన రాయ్‌పూర్‌లో ఏం పడిందో విశాఖలో ఎగిరే నాణేనికి తెలియదు. అక్కడా గెలిచే అవకాశం సరిగ్గా సగమే. పది లక్షల్లో ఒకటన్నది ఇరవై టాస్‌లూ జరగకముందు చెప్పదగిన మాట. అవన్నీ అయిపోయాక మిగిలింది ఒక్క టాస్, దాని లెక్క వేరు.

రెండో పొరపాటు అంత తొందరగా దొరకదు. ‘భారత్, 2023 నవంబర్ 19 నుంచి, 20 టాస్‌లు వరసగా ఓడుతుంది’ అని ఎవరూ ముందుగా చెప్పలేదు. ఈ దురదృష్టం ఏ జట్టుకు, ఏ సంవత్సరంలో పట్టినా మనం ఇలాగే ఆశ్చర్యపోయేవాళ్ళం. 1971 నుంచి ఇప్పటిదాకా నాలుగున్నర వేలకు పైగా వన్డేలు జరిగాయి. ఒక్కో మ్యాచ్‌లో రెండు జట్లు కాబట్టి, ఇలాంటి వరస మొదలవడానికి తొమ్మిది వేల చోట్లున్నాయి. ఒక చోట వరస మొదలవాలంటే ముందు ఒక గెలుపు, తర్వాత ఇరవై ఓటములు పడాలి. అంటే 21 సగాలను గుణించాలి, సుమారు 21 లక్షల్లో ఒకటి. దాన్ని తొమ్మిది వేల చోట్లకూ లెక్కగడితే, వన్డే చరిత్రలో ఎక్కడో ఒకచోట ఇది జరిగే అవకాశం దాదాపు 230లో ఒకటి అని తేలుతుంది. అరుదే, కానీ నమ్మలేనంత కాదు. నాణెం అదే, సగాలూ అవే. అడిగిన ప్రశ్న మారేసరికి జవాబు నాలుగు వేల రెట్లకు పైగా మారింది.

సంభావ్యతలో వాడే లెక్కలు చాలా చిన్నవి. కూడిక, గుణకారం, ఒకటిలోంచి తీసివేత. భిన్నాలు వచ్చిన పిల్లలెవరైనా చేయగలరు. అయితే ఆ మూడింటిలో దేన్ని వాడాలన్నా ముందు ఒక షరతు నెరవేరాలి. పెద్ద పెద్దవాళ్ళు బోల్తా పడింది లెక్క దగ్గర కాదు, ఆ షరతు దగ్గర.

గళ్ళన్నీ సమానమేనా?

ఒక్క ఘటన సంభావ్యతకు సూత్రం బడి పుస్తకంలో ఒక్క వాక్యం. మనకు కావలసిన పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించాలి. పాచిక వేస్తే 5 పడే అవకాశం 1/6, సరిసంఖ్య పడే అవకాశం 3/6. వైద్యుడూ జూదరీ అయిన ఇటలీ గణితవేత్త జెరోలామో కార్డానో పదహారో శతాబ్దంలోనే ఈ పద్ధతిని ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. ఆయన 1576లో పోతే, పుస్తకం అచ్చయింది 1663లో.

ఆ వాక్యంలో ఒక షరతు దాగుంది. లెక్కపెట్టే పర్యవసానాలన్నీ సమసంభవాలు కావాలి, అంటే ఒకదానికి ఎంత అవకాశముందో ప్రతిదానికీ అంతే ఉండాలి. ఈ షరతు దగ్గర జారినవాళ్ళలో ఫ్రాన్సు మహాపండితుడు దాలంబేర్ ఒకడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశమెంత? 1754లో ఫ్రెంచ్ విజ్ఞాన సర్వస్వంలో ఆయన ఇలా వాదించాడు: మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్టే. లేదా మొదట బొరుసు, తర్వాత బొమ్మ. లేదా రెండూ బొరుసులే. మూడు దారుల్లో రెండు అనుకూలం, కాబట్టి 2/3.

దారులు మూడే, నిజం. కానీ మొదటి దారి మిగతావాటికంటే రెట్టింపు వెడల్పు. తొలి ఎగరవేతలోనే బొమ్మ పడటం 1/2, మిగతా రెండు దారులూ తలా 1/4. బొమ్మ–బొమ్మ, బొమ్మ–బొరుసు, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని నాలుగు సమానమైన గళ్ళు గీస్తే జవాబు 3/4 అని కళ్ళెదుటే కనిపిస్తుంది.

గెలీలియో దగ్గరికీ ఇలాంటి చిక్కే వచ్చింది. మూడు పాచికలు వేసినప్పుడు మొత్తం 9 కంటే 10 కాస్త ఎక్కువసార్లు పడుతోందని జూదరులు గమనించారు. కాగితం మీద చూస్తే రెండూ ఆరేసి రకాలుగా వస్తాయి. తొమ్మిదికి 1-2-6, 1-3-5, 1-4-4, 2-2-5, 2-3-4, 3-3-3. పదికి 1-3-6, 1-4-5, 2-2-6, 2-3-5, 2-4-4, 3-3-4. మరి తేడా ఎందుకు? మూడు పాచికలకూ మూడు రంగులు వేశామనుకుంటే గుట్టు తెలుస్తుంది. 1-2-6 ఆరు విధాలుగా పడవచ్చు, 3-3-4 మూడు విధాలుగా, 3-3-3 మాత్రం ఒకే ఒక్క విధంగా. మొత్తం 216 గళ్ళలో తొమ్మిదికి 25, పదికి 27. తేడా ఒక శాతం కూడా లేదు. దాన్ని పట్టుకున్న జూదరులు ఎన్నిసార్లు పాచికలు వేసి ఉంటారో ఊహించవచ్చు.

మన ఇళ్ళలో ఆడే అష్టాచెమ్మా ఈ పాఠానికి ఇంకా మంచి వస్తువు. నాలుగు గవ్వలు వేస్తే వెల్లకిలా పడినవి సున్నా నుంచి నాలుగు దాకా ఎన్నయినా కావచ్చు. ఐదు ఫలితాలున్నాయి కదా అని ఒక్కోదానికి 1/5 ఇవ్వకూడదు. గవ్వ ఇటూ అటూ సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 గళ్ళు వస్తాయి. సరిగ్గా రెండు వెల్లకిలా పడే గళ్ళు ఆరు. ఒకటి గాని, మూడు గాని పడేవి నాలుగేసి. నాలుగూ వెల్లకిలా పడే ‘చెమ్మ’కు ఒకటే గడి, నాలుగూ బోర్లా పడే ‘అష్ట’కూ ఒకటే. చెమ్మో అష్టో పడితే మరో ఆట ఎందుకిస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది. రెండూ కలిపినా 16లో 2 మాత్రమే.

కానీ గవ్వ నాణెం కాదు. ఒకవైపు ఉబ్బెత్తుగా, మరోవైపు చీలికతో ఉంటుంది. అది సగం సగం పడాలన్న నియమమేమీ లేదు. ఒక గవ్వ వందలో 60 సార్లు వెల్లకిలా పడుతుందనుకుందాం. అప్పుడు చెమ్మ పడే అవకాశం 0.6 × 0.6 × 0.6 × 0.6, దాదాపు 13 శాతం. అష్ట పడే అవకాశం 0.4ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 2.6 శాతం. గవ్వకు చిన్న మొగ్గు ఉన్నా, నాలుగు గవ్వలు కలిసేసరికి అది ఐదు రెట్ల తేడా అయింది. ఆ మొగ్గు ఎంతో కూర్చుని ఆలోచిస్తే తేలదు. గవ్వను వందలసార్లు వేసి లెక్క రాసుకోవాల్సిందే. తాని చెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్క చెప్పిన ఋతుపర్ణుడు నలుడికి అక్షహృదయం నేర్పాడని భారతం అరణ్యపర్వంలో ఉంది. లెక్కపెట్టడానికీ పాచికలకూ సంబంధముందని ఆ కథ చెప్పినవారికి తెలుసు.

పందెం భాష

గణితవేత్త ‘ఆరులో ఒకటి’ అన్నదాన్నే పందెం కాసేవాడు ‘ఒకటికి ఐదు’ అంటాడు. మొదటిది సంభావ్యత, అనుకూలాన్ని మొత్తంతో పోలుస్తుంది. రెండోది ఆడ్స్, అనుకూలాన్ని ప్రతికూలంతో పోలుస్తుంది. పాచికలో 5 పడటానికి ఒక ముఖం అనుకూలం, ఐదు ముఖాలు ప్రతికూలం. కాబట్టి సంభావ్యత 1/6, ఆడ్స్ 1:5. ఒకదాన్నుంచి మరోదానికి మారడం కష్టమేమీ కాదు. ఆడ్స్ 3:2 అయితే రెండూ కూడి 5, సంభావ్యత 3/5. సంభావ్యత 3/4 అయితే ప్రతికూలానికి మిగిలింది 1/4, ఆడ్స్ 3:1. తరచూ జరిగే పొరపాటల్లా 1:5ను చూసి 1/5 అనుకోవడం.

ఆడ్స్ భాషలో ఒక సౌకర్యముంది. న్యాయమైన పందెం ఎంతో అది నేరుగా చెప్పేస్తుంది. 5 మీద ఒక రూపాయి కాస్తే, గెలిచినప్పుడు ఐదు రూపాయల లాభం రావాలి. అంతకంటే తక్కువిస్తే ఆ తేడా ఆట పెట్టినవాడి జేబులోకి పోతుంది. లాస్ వేగాస్ రూలెట్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, వాటికి తోడు ఒక సున్నా, ఒక జంట సున్నా ఉంటాయి. మొత్తం 38 గళ్ళు. ఒక అంకె మీద కాస్తే గెలుపుకు ఎదురున్నవి 37. కానీ చెల్లించేది ఒకటికి 35 మాత్రమే. ఆ రెండు గళ్ళ తేడాతోనే ప్రతి వంద డాలర్లలో సగటున ఐదుకు పైగా క్యాసినోకి చేరుతుంది.

క్రికెట్ పందేల వెబ్‌సైట్లలో రెండు జట్లకూ 1.90 చొప్పున రేటు కనిపించిందనుకోండి. గెలిస్తే పెట్టిన రూపాయితో కలిపి 1.90 చేతికొస్తుందని అర్థం. ఈ రేటు న్యాయమైనదైతే ఒక్కో జట్టు గెలిచే అవకాశం 1/1.90, అంటే 52.6 శాతం. రెండూ కూడితే 105 దాటుతుంది. ఒక మ్యాచ్‌లో గెలిచే అవకాశాలు వంద శాతానికి మించి ఉండవు. పైన కనిపించే ఆ ఐదు, మ్యాచ్ ఎవరు గెలిచినా నిర్వాహకుడు ఓడిపోకుండా కాపాడే మిగులు.

‘లేదా’ అన్నప్పుడు

రెండు ఘటనల్లో ఏదో ఒకటి జరిగే అవకాశం కావాలంటే కూడాలి. పాచికలో 1 లేదా 2 పడే అవకాశం 1/6 + 1/6 = 1/3. ఇక్కడ షరతు ఏమిటంటే, ఆ రెండూ ఒకేసారి జరగడానికి వీల్లేకుండా ఉండాలి. పేక కట్టలోంచి ఒక ముక్క తీస్తే అది ఇస్పేటు గాని రాజు గాని అయ్యే అవకాశం 13/52 + 4/52 కాదు. ఇస్పేటు రాజును రెండుసార్లు లెక్కపెట్టాం. ఒకసారి తీసేస్తే 16/52.

ఈ చిన్న సవరణను జనం మరిచిపోతారన్న భరోసా మీదే నడిచిన ఆట ఒకటుంది. బ్రిటిష్ నావికులు దాన్ని ‘క్రౌన్ అండ్ యాంకర్’ అనేవారు. గుడ్డ మీద ఆరు బొమ్మలుంటాయి: కిరీటం, లంగరు, నాలుగు పేక గుర్తులు. అవే ఆరు బొమ్మలున్న పాచికలు మూడు వేస్తారు. మీరు కిరీటం మీద పది రూపాయలు పెట్టారనుకోండి. ఒక పాచికలో కిరీటం పడితే పది లాభం, రెండింటిలో పడితే ఇరవై, మూడింటిలోనూ పడితే ముప్ఫై. ఒక్కటీ పడకపోతే పెట్టిన పది పోతుంది.

చూడగానే ఎవరికైనా తోచే లెక్క ఇది: ఒక్కో పాచికకు 1/6, మూడు పాచికలకు 3/6, అంటే సగం సగం ఆట. పైగా రెండు, మూడు పడితే అదనపు లాభం. ఆట పెట్టినవాడే నష్టపోయేలా ఉన్నాడే!

ఈ కూడిక ఎంత తప్పో తేల్చడానికి ఏడు పాచికలు ఊహిస్తే చాలు. 7/6, అంటే నూటికి నూరు దాటిన అవకాశం. కిరీటం రెండు పాచికల్లోనూ పడే సందర్భాలను రెండేసిసార్లు లెక్కపెట్టడమే ఇక్కడి దోషం. అసలు లెక్క ఎదురువైపు నుంచి చేయాలి. ఒక పాచికలో కిరీటం పడకపోయే అవకాశం 5/6. మూడింటిలోనూ పడకపోయే అవకాశం 5/6 × 5/6 × 5/6 = 125/216. కనీసం ఒకటి పడే అవకాశం మిగిలిన 91/216, దాదాపు 42 శాతం.

డబ్బు సంగతి చూద్దాం. 216 ఆటల్లో 75 సార్లు ఒక కిరీటం, 15 సార్లు రెండు, ఒకసారి మూడు పడతాయి. లాభం 750 + 300 + 30, మొత్తం 1,080 రూపాయలు. మిగతా 125 ఆటల్లో నష్టం 1,250 రూపాయలు. 2,160 రూపాయలు తిప్పితే 170 పోయినట్టు, నూటికి దాదాపు ఎనిమిది. రూలెట్ కంటే ఇదే ఎక్కువ మింగుతుంది. అయినా చూడటానికి ఆడేవాడి వైపే మొగ్గినట్టుంటుంది.

ఎదురువైపు నుంచి లెక్క

‘కనీసం ఒకసారి’ అన్న మాట వినిపించగానే ‘ఒక్కసారి కూడా కాకపోతే’ అని తిప్పి ఆలోచించడం ఈ శాస్త్రంలో అన్నిటికంటే పనికొచ్చే ఉపాయం. ఒకటిలోంచి దాన్ని తీసేస్తే సరి. ఇది చరిత్రకెక్కింది 1654లో, బ్లేజ్ పాస్కల్, పియేర్ ద ఫెర్మా నడిపిన ఉత్తరాల్లో. చిక్కుముడి తెచ్చినవాడు షెవాలియే ద మెరే అనే పెద్దమనిషి.

ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడుతుందని పందెం కాయడం లాభమే. పడకపోయే అవకాశం 5/6ను నాలుగుసార్లు గుణిస్తే 625/1296, పడే అవకాశం 671/1296. ఉత్తరంలో పాస్కల్ దీన్ని 671కి 625 అని ఆడ్స్ భాషలోనే రాశాడు. ఇప్పుడు రెండు పాచికలు తీసుకుందాం. జంట ఆరు పడే అవకాశం 36లో ఒకటి. పర్యవసానాలు ఆరు రెట్లు పెరిగాయి కాబట్టి వేసే సార్లూ ఆరు రెట్లు పెంచి 24 చేస్తే పందెం మునుపటిలాగే లాభించాలన్నది ద మెరే తర్కం. లెక్క అలా రాలేదు. 35/36ను 24 సార్లు గుణిస్తే 0.509 వస్తుంది. గెలిచే అవకాశం 49.1 శాతమే, సగానికి ఒక అడుగు కింద. 25 సార్లు వేస్తేనే 50.5కు చేరుతుంది. అంకగణితం తనతో తానే విభేదిస్తోందని ద మెరే ఆడిపోసుకున్నాడని పాస్కల్ రాశాడు. నిజానికి విభేదించింది ఆయన ‘త్రైరాశికం’. రెట్టింపు సార్లు వేస్తే అవకాశం రెట్టింపు కాదు, ఎందుకంటే ముందే గెలిచిన ఆటల్లో మళ్ళీ గెలవడం కొత్తగా ఏమీ చేర్చదు.

ముక్కలు తగ్గుతున్న కట్ట

పాచికను ఎన్నిసార్లు వేసినా ప్రతిసారీ కొత్త ఆటే. అలాంటివి స్వతంత్ర ఘటనలు. వాటిని నేరుగా గుణించవచ్చు. పేకముక్కలు అలా కాదు. ఒక ముక్క చేతికొచ్చిందంటే కట్టలో అది లేదు. రెండో ముక్క అవకాశం మొదటిదాని మీద ఆధారపడుతుంది. అక్కడా గుణించాల్సిందే, కానీ రెండో భిన్నాన్ని ‘మొదటిది జరిగాక’ అన్న షరతుతో రాయాలి.

మూడు ముక్కలాట తీసుకోండి. మూడూ ఒకే అంకె పడితే ట్రయిల్. మొదటి ముక్క ఏదైనా ఫరవాలేదు. రెండోది దాని జతది కావాలంటే మిగిలిన 51లో 3 ఉన్నాయి. మూడోదానికి 50లో 2. గుణిస్తే 6/2550, అంటే 425లో ఒకటి. తీసిన ముక్కను ప్రతిసారీ కట్టలో పెట్టి కలిపితే అది 169లో ఒకటయ్యేది. ముక్క వెనక్కి వెళ్ళిందా లేదా అన్న ఒక్క తేడాతో జవాబు రెండున్నర రెట్లు మారిపోయింది.

52 ముక్కల్లోంచి మూడింటిని ఎంచుకునే విధానాలు 22,100. వాటిలో ట్రయిల్స్ 52: పదమూడు అంకెల్లో ఒక్కోదానికి నాలుగు. ప్యూర్ సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరస ముక్కలు: ఆసు-రెండు-మూడు నుంచి రాణి-రాజు-ఆసు దాకా 12 వరసలు, నాలుగు గుర్తులు, మొత్తం 48. గుర్తులు కలగాపులగమైన సీక్వెన్స్‌లు 720. కలర్‌లు, అంటే వరస లేకుండా ఒకే గుర్తు ముక్కలు, 1,096. జతలు 3,744. ఏమీ పడని చేతులు 16,440. అంటే నాలుగింట మూడు ఆటల్లో చేతికి వచ్చేది పెద్ద ముక్క చూసుకుని బతకాల్సిన సరుకే.

ఈ లెక్కలో ఒక విశేషముంది. ఆట నియమాల ప్రకారం ట్రయిల్ అన్నిటికంటే పెద్దది, ప్యూర్ సీక్వెన్స్ దాని తర్వాతది. అరుదును బట్టి పేర్చితే ప్యూర్ సీక్వెన్సే పైన ఉండాలి. 48 కంటే 52 ఎక్కువ కదా! మిగతా వరస అంతా అరుదుకు సరిగ్గా సరిపోయింది, పైనున్న రెండే తారుమారయ్యాయి. తేడా 22,100లో నాలుగే చేతులు. ఎన్ని రాత్రులు ఆడినా కంటికి ఆనదు, కాగితం మీద లెక్కిస్తేనే బయటపడుతుంది.

మూడు ముక్కలాటకూ రమ్మీకీ తేడా ఏమిటన్నది ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిలో రమ్మీ ఆడటం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967లో తీర్పొచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అందులో నేర్పు ప్రధానమనీ కోర్టు చెప్పింది. గణితం మాటల్లో ఇది షరతుతో కూడిన సంభావ్యతే. రెండు కట్టలతో ఆడుతున్నప్పుడు మీకు ఇస్పేటు ఏడు కావాలంటే బయట రెండున్నాయి. ఎదుటివారు ఒకటి కింద పడేశారంటే మిగిలింది ఒకటే. ఇక కట్టలోంచి అది వస్తుందన్న ఆశ సగానికి పడిపోవాలి. ఈ మార్పును పట్టించుకునేవాడికీ పట్టించుకోనివాడికీ మధ్య తేడానే కోర్టు నేర్పు అంది.

గుణించకూడని చోట

ఆటల్లో పొరబడితే డబ్బు పోతుంది. బయట పొరబడితే మనుషులు పోతారు.

1999లో ఇంగ్లండ్‌లో ఒక తల్లికి తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందన్న నేరం మీద యావజ్జీవ శిక్ష పడింది. బిడ్డలు నిద్రలో అకారణంగా చనిపోయి ఉండవచ్చు కదా అన్న వాదనకు ఎదురుగా, సాక్ష్యం చెప్పిన వైద్య నిపుణుడొకరు ఒక అంకె వినిపించారు. ఆమె కుటుంబంలాంటి కుటుంబంలో ఒక బిడ్డ అలా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి. ఇద్దరు బిడ్డలు కాబట్టి దాన్ని దానితోనే గుణించి, 7.3 కోట్లలో ఒకటి అన్నారు.

గుణకారం సరైనదే. గుణించే హక్కే లేదు. ఇద్దరు బిడ్డలదీ ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. మొదటి మరణానికి జన్యువుల్లోనో పరిసరాల్లోనో కారణముంటే, రెండో బిడ్డకూ అదే ముప్పు ఉంటుంది. అవి రెండు విడి పాచికలు కావు. ఆ అంకెకు గణాంక శాస్త్రంలో ఆధారం లేదని బ్రిటన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా ప్రకటించింది. అంతేకాదు, ఆ అంకె నిజమే అనుకున్నా అది ఆమె నిరపరాధి అయ్యే అవకాశం కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు బిడ్డలు అకారణంగా చనిపోవడం అరుదే, కన్నతల్లి ఇద్దరు బిడ్డలను చంపడమూ అరుదే. ఒక అరుదును రెండో అరుదుతో పోల్చి, ఏది ఎన్ని రెట్లని అడగాలి. అంటే కావలసింది ఆడ్స్. 2003లో ఆ శిక్ష రద్దయింది. ఒక ప్రయోగశాల నివేదికను కోర్టుకు చూపకపోవడం ప్రధాన కారణం. ఆ అంకెను జ్యూరీ ముందు పెట్టడాన్నీ అప్పీలు కోర్టు తప్పుపట్టింది.

మన దగ్గర వానాకాలం ఇదే పాఠం చెబుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. అదే రోజుల్లో బుడమేరు వాగు గట్టు తెగి నగరంలో లక్షల మంది నీళ్ళలో చిక్కుకున్నారు. కృష్ణకు అంత వరద వచ్చే అవకాశం ఏడాదికి వందలో ఒకటనీ, బుడమేరుకూ అంతేననీ ఊరికే అనుకుందాం. రెండూ ఒకే ఏడాది రావడం పది వేలలో ఒకటా? కానే కాదు. రెంటినీ నింపింది ఒకే వాయుగుండపు వాన. పైగా బుడమేరు నీళ్ళను మళ్ళించే కాలువ కలవాల్సింది కృష్ణలోనే. నది నిండుగా ఉంటే అది వాగు నీళ్ళు తీసుకోలేదు. ఒకటి వచ్చిందంటే రెండోది వచ్చే అవకాశం వందలో ఒకటి ఉండదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది.

‘వందేళ్ళ వరద’ అన్న మాటకూ ఇలాగే అర్థం చెప్పుకోవాలి. వందేళ్ళకోసారి లెక్కగా వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం అని దాని భావం. ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మన తరానికి భయం లేదనుకోవడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. ప్రకాశం బ్యారేజి దగ్గర ప్రవాహం 2009లోనూ పది లక్షల క్యూసెక్కులు దాటింది.

నది పక్కన స్థలం అమ్మేవారు 1 శాతం అని చెబితే అది అబద్ధం కాదు. కానీ ఇల్లు ఒక్క ఏడాది కోసం కట్టుకోం. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం 0.99ను ముప్ఫై సార్లు గుణిస్తే వచ్చేది, 74 శాతం. కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. పందెం భాషలో దాదాపు ఒకటికి మూడు. గృహరుణం తీరేలోపు ఇంట్లోకి నీళ్ళు రావడానికి ఇది చిన్న అవకాశం కాదు. పునాది ఎంత ఎత్తు లేపాలో, బీమా కట్టాలో వద్దో తేల్చుకోవడానికి పనికొచ్చే అంకె ఇదే. అదైనా ఆ 1 శాతం నమ్మదగినదైతేనే. అది పాత వానల రికార్డుల్లోంచి వచ్చిన అంచనా. వానల తీరు మారితే దాన్ని కూడా మళ్ళీ లెక్కగట్టాలి, గవ్వను మళ్ళీ మళ్ళీ వేసి చూసినట్టే.